సినిమా చూసినంత మాత్రాన పుస్తకం చదివినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

కొన్ని వారాల కిందట మీ ఉత్తరాల పేజీలో ఒక తల్లి తన కొడుకు గురించి రాస్తూ, "వాడు పుస్తకం పట్టుకున్నాడంటే అది సూపర్‌హీరోల బొమ్మల పుస్తకమో, వేరే గ్రహాల కథో అయి ఉంటుంది, దాన్ని కూడా చదవడం అనుకోవాలా?" అని అడిగారు. ఆమె ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పిల్లవాడి చేతిలో ఏ పుస్తకం ఉందో గమనించే తల్లి ఉండడం ఆ పిల్లవాడి అదృష్టం. అయితే ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకాలనే వెతికి, కొని, దాచుకుని చదువుతున్న మనిషిగా ఆమె ప్రశ్నకు సూటిగా జవాబు ఇవ్వాలనిపించింది. అవునమ్మా, అది చదవడమే. మీ అబ్బాయి సినిమా దగ్గర ఆగిపోకుండా పుస్తకం దాకా వచ్చాడంటే, అతని వయసు పిల్లల్లో ఎక్కువమంది చేయని పని చేస్తున్నాడన్నమాట.

ఎందుకంటే మన తెలుగువాళ్ళలో చాలామందికి ఈ వీరులు తెరమీదే పరిచయం. ఆ సినిమాలు తెలుగు మాటలతో మన ఊళ్ళ హాళ్ళకు కూడా వస్తున్నాయి. సాలెగూడు బొమ్మ ఉన్న చొక్కా, గబ్బిలం బొమ్మ ఉన్న స్కూలు బ్యాగు కనిపించని వీధి లేదు. కానీ ఆ కథలు పుట్టిన చోటు కాగితం. ఆ కాగితాన్ని చదివినవాళ్ళు మనలో వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మందే. చూడడానికీ చదవడానికీ తేడా ఏముంది, కథ ఒకటే కదా అనేవాళ్ళకు ఒక్క ఉదాహరణ చెబుతాను.

1966 ఫిబ్రవరి తేదీతో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 33వ సంచికలో, కథానాయకుడు పీటర్ పార్కర్ ఒక భారీ యంత్రం కింద ఇరుక్కుపోయి ఉంటాడు. పైకప్పు నుంచి నీళ్ళు కారుతుంటాయి. చావుబతుకుల్లో ఉన్న పిన్ని కోసం తెచ్చిన మందు డబ్బా చేతికి అందనంత దూరంలో నేలమీద పడి ఉంటుంది. బొమ్మలు గీసింది స్టీవ్ డిట్కో, మాటలు రాసింది స్టాన్ లీ. ముందు పేజీలోని ఇరుకిరుకు బొమ్మల గడుల్లో కుర్రవాడు కదల్లేక మూలుగుతాడు, ఒకసారి ప్రయత్నించి ఓడిపోతాడు, తన కారణంగా చనిపోయిన బాబాయి ముఖం గుర్తుకొస్తుంది. అతను కొద్దికొద్దిగా పైకి లేస్తున్నకొద్దీ గడులు కూడా పెరుగుతూ పోతాయి. పేజీ తిప్పగానే గడి అన్నదే లేకుండా పేజీ మొత్తం ఒకే బొమ్మ, యంత్రాన్ని ఎత్తి అవతలకు నెట్టేస్తున్న స్పైడర్‌మ్యాన్. ఆ బరువును ఎత్తడంలో చదివేవాడికి కూడా భాగం ఉంది, ఎందుకంటే పేజీ తిప్పిన చెయ్యి అతనిదే. 2017లో వచ్చిన సినిమాలో దీన్ని తలపించే సన్నివేశం ఉంది, బాగానే తీశారు కూడా. కానీ అక్కడ ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు కదలాలో సినిమా నిర్ణయిస్తుంది. పుస్తకంలో ఆ నిర్ణయం చదివేవాడిది. ఒక గడి దగ్గర రెండు నిమిషాలు ఆగవచ్చు, వెనక్కి వెళ్ళి నీటిచుక్కలు ఎక్కడ మొదలయ్యాయో వెతకవచ్చు. గడికీ గడికీ మధ్య ఉన్న ఆ తెల్లని సందులో ఏం జరిగిందో ఎవరూ గీయరు; అది పాఠకుడు తన మనసులో గీసుకోవలసిందే. ఇంత పని చేయించే పుస్తకాన్ని సోమరితనానికి గుర్తుగా చూడడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక వేరే గ్రహాల కథల సంగతి. గత వేసవి సెలవుల్లో మా చెల్లెలి కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదో తరగతి. సూపర్‌హీరో సినిమాలన్నీ వరసగా చెప్పగలడు, పుస్తకం మాత్రం ఒక్కటీ చదవలేదు. వాడి ముందు నేను పెట్టింది సూపర్‌హీరో పుస్తకం కాదు. 1953లో ఈసీ కామిక్స్ అనే చిన్న అమెరికన్ ప్రచురణ సంస్థ 'వియర్డ్ ఫాంటసీ' పత్రికలో వేసిన ఏడు పేజీల కథ, 'జడ్జ్‌మెంట్ డే'. రాసింది ఆల్ ఫెల్డ్‌స్టైన్, గీసింది జో ఓర్లాండో. ఇంగ్లీషు మీడియంలోనే చదువుతున్నా మాటల బుడగల్లోని వాక్యాలు వాడికి కొరుకుడు పడలేదు. అందుకని పక్కన కూర్చుని వేలు పెట్టి చూపిస్తూ ఒక్కో గడినీ తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళాను.

కథ ఇది. మనుషులు ఒక గ్రహం మీద రోబోలను వదిలి, మీ సమాజాన్ని మీరే నిర్మించుకోండని చెప్పి వెళ్ళిపోయారు. చాలా కాలం తర్వాత, ఆ గ్రహాన్ని గెలాక్సీ గణతంత్రంలో చేర్చుకోవచ్చునా లేదా అని పరిశీలించడానికి భూమి నుంచి టార్ల్‌టన్ అనే అధికారి వస్తాడు. ముఖం కనబడకుండా హెల్మెట్ పెట్టుకుని ఉంటాడు. నారింజ రంగు రోబో ఒకటి అతన్ని ఎంతో గర్వంగా ఊరంతా తిప్పి చూపిస్తుంది. ఫ్యాక్టరీలో లోపలి యంత్రాలు, తీగలు, మెదడు అన్నీ అందరికీ ఒకటే, పైన తొడిగే రేకు రంగు ఒక్కటే వేరు. అక్కడి నుంచి కొందరు నారింజ రంగు రోబోలుగా, కొందరు నీలం రోబోలుగా బయటికి వస్తారు. నీలం వాటికి వేరే బడి, వేరే పని, ఊరికి అవతల వేరే పేట, బస్సులో వెనక సీట్లు. ఇక్కడికి వచ్చేసరికి మావాడు నా చెయ్యి ఆపి, "మామయ్యా, లోపల అంతా ఒకటే అన్నప్పుడు నీలం వాళ్ళు వెనకాల ఎందుకు కూర్చోవాలి?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు, పేజీ తిప్పమన్నాను. మీరు ఇంకా సిద్ధంగా లేరని చెప్పి ఆ అధికారి వెళ్ళిపోతాడు. చివరి గడిలో, తన నౌకలో ఒంటరిగా కూర్చుని హెల్మెట్ తీస్తాడు. అతను నల్లజాతి మనిషి. చెమట చుక్కలు అతని నల్లని చర్మం మీద దూరపు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి.

మావాడు వెంటనే మొదటి పేజీకి వెళ్ళి, ఆ హెల్మెట్ ఉన్న గడులన్నీ మళ్ళీ చూసుకున్నాడు. అప్పుడు వాడి ప్రశ్నకు జవాబుగా, మన ఊరి హోటల్లో కులాన్ని బట్టి వేరే గ్లాసు ఇచ్చిన రోజుల గురించి చెప్పాను. ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్ళ అమ్మమ్మను, మన ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని మామయ్య అన్నాడు, నిజమేనా అని అడిగాడు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తను చిన్నప్పుడు చూసినవన్నీ చెప్పింది, మాకెవరికీ అంతకుముందు చెప్పనివి. అమెరికాలో వర్ణ వివక్ష గురించి ఎక్కడో డెబ్బై ఏళ్ళ కిందట గీసిన ఒక రోబోల కథ మా ఇంట్లో ఆ మాటలు మాట్లాడించింది. వేరే గ్రహం మీద పెట్టి చెప్పినందువల్లనే అది అందరికీ వినబడింది. మన ఊరి పేరు పెట్టి, మన కులాల పేర్లు పెట్టి చెబితే వినేవాడు ముందు నువ్వే కులం అని అడుగుతాడు. నారింజ రంగు, నీలం రంగు అంటే ఆ ప్రశ్న అడగడానికి వీలుండదు, కథ లోపలికి దిగిపోతుంది. సైన్స్ ఫిక్షన్ అంటే రాబోయే యంత్రాల గురించి జోస్యం చెప్పడమేనని చాలామంది అనుకుంటారు. ఆ జోస్యాలు నాకూ సరదాయే కానీ, నేను ఆ కథలు చదివేది అందుకు కాదు. మనం రోజూ చూస్తూ చూడనట్టు ఉండేవాటిని, కొంచెం దూరం జరిపి, మళ్ళీ మన కళ్ళముందు పెడతాయి కనుక చదువుతాను.

ఈ కథ వెనక ఇంకో కథ ఉంది, ఆ తల్లి భయానికి నేరుగా సంబంధించినది. అమెరికాలో కూడా అప్పట్లో తల్లిదండ్రులు ఇలాగే భయపడ్డారు. ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు 1954లో పుస్తకం రాసి, పిల్లలు నేరస్థులు కావడానికి కామిక్స్ కారణమన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు, హార్లెమ్‌లోని పేద నల్లజాతి ప్రజల కోసం వైద్యశాల నడిపినవాడు. అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది, భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే కామిక్స్ కోడ్ అనే కట్టుబాటు పెట్టుకున్నారు; అచ్చుకు ముందే కథలను పరిశీలించి, ఒప్పుకున్నవాటి అట్టమీదే ముద్ర వేసే పద్ధతి అది. చాలా ఏళ్ళ తర్వాత వెర్తమ్ కాగితాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చినప్పుడు, ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన కెరొల్ టిల్లీ వాటిని పరిశీలించి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన తన వాదనకు తగినట్టు మార్చి రాశాడని బయటపెట్టారు. ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది. 1956లో ఈసీ సంస్థ 'జడ్జ్‌మెంట్ డే' కథను మళ్ళీ వేయబోతే, కోడ్ అధికారి ఆ అంతరిక్ష యాత్రికుడు నల్లవాడు కాకూడదన్నాడు. కథంతా ఆ ఒక్క గడి కోసమేనని వాళ్ళు వాదించారు. పోనీ ఆ చెమట చుక్కలైనా తీసేయమన్నాడు. ప్రచురణకర్త బిల్ గెయిన్స్ చుక్క కూడా తీయకుండా అచ్చువేశాడు. ఆ సంస్థ వేసిన చివరి కామిక్ పుస్తకం అదే. పిల్లలను కాపాడడానికి పెట్టిన నియమం చివరికి ఏ బొమ్మను చెరిపేయమన్నదో చూడండి. 1971లో మత్తుమందుల వల్ల కలిగే నష్టం గురించి కథ వేయమని అమెరికా ప్రభుత్వ శాఖే అడిగినా, కోడ్ ముద్ర దొరకక స్పైడర్‌మ్యాన్ మూడు సంచికలు ఆ ముద్ర లేకుండానే వెలువడ్డాయి. కోడ్ పూర్తిగా మూలపడింది 2011లో.

పిల్లలకు ఏ పుస్తకమైనా ఇచ్చేయండని నేను అనడం లేదు. పెద్దలకోసం రాసినవి, రక్తపాతం నిండినవి ఈ రంగంలో బోలెడున్నాయి, వాటిని పెద్దలే చదవాలి. కానీ ఏది ఇవ్వాలో తెలియాలంటే ముందు పెద్దవాళ్ళు చదవాలి. అట్ట చూసి తీర్పు చెప్పకూడదు.

అభిమానిని కనుక అన్నీ బాగున్నాయని చెబితే నా మాటకు విలువ ఉండదు. ఇప్పటి సూపర్‌హీరో కామిక్స్‌లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. చావుకు అక్కడ విలువ లేదు. 1992 చివర్లో సూపర్‌మన్‌ను చంపారు, జనం వరస కట్టి కొన్నారు, ఏడాది తిరగకుండా బతికించారు. ఆ మోజులో ఒకే సంచికకు నాలుగైదు రకాల అట్టలు వేసి అమ్మడం, చదవకుండా పెట్టుబడిగా దాచుకోవడం పెరిగి, ఆ బుడగ పగిలాక 1996లో స్పైడర్‌మ్యాన్ కథలు వేసే మార్వెల్ సంస్థే దివాలా తీసింది. ఒక కథ పూర్తిగా అర్థం కావాలంటే ఇంకో పది పత్రికలు కొనాల్సిన పరిస్థితి ఇవాళ్టికీ ఉంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేనెప్పుడూ మొదలూ చివరా ఉన్న కథలనే చెబుతాను.

అలాంటి వాటిలో ఒకటి అమెరికన్ రచయిత రే బ్రాడ్‌బరీ 1950లో రాసిన ఒక చిన్న కథ. మనుషులు లేని ఇల్లు, పొద్దున్నే టోస్టు కాలుస్తుంది, తేదీ చెబుతుంది, బడికి టైమయిందని పిల్లలను పిలుస్తుంది. అణుబాంబు పడి ఊరంతా బూడిదయింది. ఇంటి గోడ పొడవునా నల్లగా మాడిపోయి, ఐదు నీడల చోట మాత్రం రంగు మిగిలి ఉంటుంది: గడ్డి కోస్తున్న మనిషి, పువ్వులు తెంపడానికి వంగిన ఆడమనిషి, గాల్లోకి ఎగిరిన బంతి, దానికి అటూ ఇటూ చేతులు చాచిన పిల్లాడూ పిల్లా. ఆ కథను 'ది మార్షియన్ క్రానికల్స్' పుస్తకంలో చేర్చినప్పుడు ఆ ఇల్లు చెప్పే తేదీ 2026 ఆగస్టు 4. ఈ కథను కూడా 1953లో ఈసీ సంస్థే బొమ్మల్లో వేసింది, గీసింది వాలీ వుడ్. అంతకు ముందు వాళ్ళు బ్రాడ్‌బరీ కథలను చెప్పకుండా వాడుకున్నారు. ఆయన కోర్టుకు వెళ్ళలేదు. నాకు రావలసిన డబ్బు పంపడం మరిచిపోయినట్టున్నారని మర్యాదగా ఉత్తరం రాశాడు. వాళ్ళు డబ్బు పంపారు, ఆ తర్వాత ఆయన పేరును అట్టమీద వేసుకుని మరీ ఆయన కథలు గీయించారు.

ఈ పేర్ల విషయం నాకు చాలా ముఖ్యం. సూపర్‌మన్ పేరు తెలియనివాళ్ళు లేరు. కానీ అతన్ని సృష్టించిన క్లీవ్‌లాండ్ కుర్రాళ్ళు జెర్రీ సీగెల్, జో షూస్టర్ పేర్లు ఎంతమందికి తెలుసు? ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో వచ్చిన ఆ తొలి కథలో సూపర్‌మన్ పోరాడింది ఏ గ్రహాంతర రాక్షసుడితోనూ కాదు. చెయ్యని నేరానికి మరణశిక్ష పడిన ఒక స్త్రీని కాపాడతాడు, పెళ్ళాన్ని కొడుతున్న మొగుణ్ణి పట్టుకుంటాడు, అవినీతిపరుడైన సెనేటర్ వెంట పడతాడు. ఆ పాత్ర మీద హక్కులన్నిటికీ కలిపి వాళ్ళకు ముట్టింది 130 డాలర్లు. 1975లో పెద్దయెత్తున ఆందోళన జరిగాక గానీ ఏడాదికి 20,000 డాలర్ల పింఛనూ, కథల మీద వాళ్ళ పేరూ దక్కలేదు. బ్యాట్‌మ్యాన్‌ను తీర్చిదిద్దిన బిల్ ఫింగర్‌కు ఆ పాటి కూడా దక్కలేదు. ఆయన పోయిన నలభై ఏళ్ళకు, 2015లో, ఆయన పేరు అధికారికంగా వేయడం మొదలుపెట్టారు. సినిమా చూసేవాడికి నటుడి పేరు గుర్తుంటుంది. పుస్తకం చదివేవాడికి మొదటి పేజీలో రాసినవాడూ గీసినవాడూ కనబడతారు.

మనదగ్గర కూడా ఇదే జరిగింది. 1947 జూలైలో మొదలైన 'చందమామ' మనకు బొమ్మతో కలిపి కథ చదవడం నేర్పింది. 'తోకచుక్క' మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ధారావాహికల కోసం, వాటికి చిత్రా గీసిన బొమ్మల కోసం నెలంతా ఎదురుచూసిన తరం మా నాన్నగారిది. ఆ రోజుల్లో ఆ ధారావాహికల మీద రచయిత పేరు వేసేవారు కాదు. అంతగా ఇష్టపడి చదివిన కథలు ఎవరు రాశారో చాలామంది పాఠకులకు ఎన్నో ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

ఈ రకం కథలు మనకు పరాయివి అనేవాళ్ళకు రెండు సంగతులు చెప్పాలి. 1896లో జగదీశ్ చంద్ర బోస్ బెంగాలీలో రాసిన కథలో, బంగాళాఖాతంలో లేచిన తుపాను ఒక సీసాడు తలనూనెతో అణిగిపోతుంది. ఆ కథ చదివి కోస్తాలో పుట్టి పెరిగిన నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత మా ఊరు చూసిన తుపాన్లన్నీ గుర్తుకొచ్చి మళ్ళీ మొదటి నుంచి చదివాను. 1905లో బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్'లో ఆడవాళ్ళు ఎండను కూడబెట్టి వాడుకుంటారు, మబ్బుల నుంచి నీళ్ళు దించుకుంటారు, మగవాళ్ళను పరదా చాటున కూర్చోబెడతారు. ఆ కథ అచ్చయింది మద్రాసు నుంచి వెలువడిన పత్రికలో. కోస్తాంధ్ర అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. పక్కన శివకాశిలో 1972 నుంచి 'ముత్తు కామిక్స్', 1984 నుంచి 'లయన్ కామిక్స్' తమిళంలో వస్తున్నాయి. తమిళ పిల్లలు తమ భాషలో చదువుతున్నారు, మన పిల్లలు ఇంగ్లీషులో తడబడుతున్నారు, లేదా చదవడమే మానేసి సినిమా కోసం ఎదురుచూస్తున్నారు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళు లేరని నేను ఒప్పుకోను. కవన శర్మ గారు రాశారు, వేమూరి వేంకటేశ్వరరావు గారు రాశారు, కస్తూరి మురళీకృష్ణ గారు రాస్తున్నారు. బొమ్మలు గీయగల చెయ్యి తెలుగునాట ఎప్పుడూ తక్కువ లేదు. లేనిదల్లా ఆ ఇద్దరినీ ఒక పేజీ మీద కలిపే చోటు.

ఆ చోటు మీరు ఇవ్వగలరు. మీ ఆదివారం అనుబంధంలో వారానికి అర పేజీ, ఒక్క ఏడాది పాటు, తెలుగులో కొత్తగా రాసి గీసిన సైన్స్ ఫిక్షన్ బొమ్మల ధారావాహికకు కేటాయించమని కోరుతున్నాను. అనువాదం కాదు, సినిమా కథ కాదు. గోదావరి లంకల్లోనో, సింగరేణి గనుల్లోనో, శ్రీహరికోట పక్క పల్లెలోనో జరిగే కథ అయితే ఇంకా మంచిది. ఆ తల్లి తన కొడుకు పక్కన కూర్చుని అది చదవవచ్చు, మా మేనల్లుడికి నేను వేలు పెట్టి అనువదించే పని తప్పుతుంది. వేసేటప్పుడు మాత్రం, రచయిత పేరుకు పక్కనే చిత్రకారుడి పేరు కూడా అంతే పెద్ద అక్షరాలతో, ప్రతి వారం వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ